అవతారికలలోని “నేను”: సోమనాథుఁడు, పోతన, దాశరథి

ఆంధ్రకవులు కృత్యాదియందుఁ దమ్ముఁ గూర్చి కొంత చెప్పుకొనుట మన వాఙ్మయమునఁ బ్రాచీనమైన యాచారము. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, వంశవర్ణనము, కృతిపతిప్రశంస యను నంగములు గల యీ భాగమును మనము తఱచుగాఁ గాలనిర్ణయమునకును గులగోత్రనిర్ణయమునకును మాత్రమే పరిశీలించుచున్నాము. కవి తన్నుఁ దా నెట్లు తెలిసికొనెను? ఎవరివాఁడనని చెప్పుకొనెను? ఏమి కాఁ గోరెను? ఈ ప్రశ్నలకు నవతారికయే ప్రథమప్రమాణ మయ్యును, వానిని మన మంతగా నడుగుటలేదు. ఈ వ్యాసమున వానినే విచారింపఁ దలఁచితిని.

దీనికిఁ బ్రేరణము నా విద్యార్థి యొకఁడు. కొన్నియేండ్ల క్రిందట నేను భాగవతావతారికను బాఠము చెప్పుచుండఁగా నాతఁడు లేచి, “అయ్యా, పలికించువాఁడు రామభద్రుఁడే యైనచో నిందుఁ బోతనగారు చేసినదేమి? ఆయన వ్రాయసకాఁడు మాత్రమే గదా!” అని యడిగెను. అది భక్తివాక్యమనియు, దానియందుఁ దర్కము తగదనియుఁ జెప్పి నేను ముందుపద్యమునకుఁ బోయితిని. బాలుఁడు కూర్చుండెను. నాకు మాత్రము నా యుత్తరము తృప్తి నీయలేదు. వ్యాకరణము చదివినవాఁడు ప్రేరణార్థకక్రియను గూర్చిన ప్రశ్నకు భక్తి నడ్డము పెట్టుకొని తప్పించుకొనుట యెంతమాత్రమును యుక్తము గాదు. ఇప్పు డీ వ్రాయునది యా బాలునకు నేనియ్యవలసియుండిన యుత్తరము.

2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని బూర్వపు వరంగల్లు జిల్లా విభక్తమై జనగామ, మహబూబాబాదు, జయశంకర భూపాలపల్లి మున్నగు జిల్లాలు వెలసినవి. వీనిలో జనగామ జిల్లాయందుఁ బాలకుర్తియు బమ్మెరయు నొక్క మండలములోనివే. మొదటిది పాలకురికి సోమనాథుని యూరు. రెండవది పోతన యింటిపేరైన యూరు. మహబూబాబాదు జిల్లాలోని చినగూడూరు దాశరథి కృష్ణమాచార్యుల జన్మస్థానము. భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరమువద్దఁ బ్రాణహిత గోదావరితోఁ గలియుచున్నది. కావున నీ విచారణకు వలసిన సామగ్రియంతయు నొక్క సీమయందే యున్నది.

ముందుగా శాస్త్రసిద్ధములైన మూఁడు విషయములను జెప్పెదను. “నేను” అను నర్థమున వచ్చు క్రియను వైయాకరణు లుత్తమపురుష మందురు. ఆ “నేను” ఎవఁడు? క్రియయందు స్వతంత్రుఁడుగా వివక్షింపఁబడినవాఁడు కర్త యనియు, అట్టి కర్తను బ్రేరేపించువానికి హేతుసంజ్ఞయుఁ గర్తృసంజ్ఞయుఁ గలుగుననియుఁ బాణిని విధించెను. ఇది మొదటిది. రెండవది యిచ్ఛార్థమున వచ్చు సన్ప్రత్యయము. కోరువాఁడును, గోరఁబడిన క్రియను జేయువాఁడును నొక్కఁడే యైనఁ గాని యా ప్రత్యయము రాదు. దేవదత్తుఁడు తాను వండఁ గోరినచో సన్నంతము సిద్ధించును. యజ్ఞదత్తుఁడు వండవలెనని దేవదత్తుఁడు కోరినచో సిద్ధింపదు. మూఁడవది సంబంధము. సూత్రకారుఁడు విద్యాసంబంధమును యోనిసంబంధమును జతపఱిచి గ్రహించినాఁడు. తండ్రికొడుకుల సంబంధమునకు శాస్త్రమున నెంత గౌరవము గలదో, గురుశిష్యుల సంబంధమునకు నంత గౌరవమును గలదని దీనివలనఁ దెలియుచున్నది. తన్నుఁ దా నంగీకరించుట, కోరిక, సంబంధము అను మూఁటిచేత మనుష్యుని స్వరూప మేర్పడునని లోకులు చెప్పుమాటకు శబ్దశాస్త్రమున నివి మూఁడు నిదర్శనములు.

ఇఁక సోమనాథుని గూర్చి. ఈతఁడు కాకతీయులనాఁటి కవి. బసవపురాణము, పండితారాధ్యచరిత్రము అను ద్విపదకావ్యములును, వృషాధిపశతకము, అనుభవసారము మున్నగునవియు నీతని కృతులు. బసవపురాణమున నీతఁడు విష్ణురామిదేవుఁడును శ్రియాదేవియుఁ దనకుఁ దలిదండ్రులని పేర్కొనెను. వేఱొకచోటఁ దన గోత్రము భృంగిరిటిగోత్ర మనియుఁ, దాను గురులింగమునకుఁ గొడుకుననియుఁ, దనది శివకులమనియుఁ జెప్పెను. 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పీఠికతో బసవపురాణమును బ్రకటించిన పిదప నీ కవి కులమును గూర్చిన వాదము పండితులలో మిక్కిలి విస్తరిల్లినది. బ్రాహ్మణుఁడని కొందఱు, జంగముఁడని కొందఱు వాదించిరి. ఒక పక్షమువారు తలిదండ్రుల పేళ్లను బట్టుకొని గోత్రవాక్యమును స్తుతిమాత్ర మనిరి. వేఱొక పక్షమువారు గోత్రవాక్యమును బట్టుకొని జన్మను బ్రక్కకుఁ ద్రోసిరి.

నాకుఁ జూడ నీ వాక్యములకుఁ బరస్పరవిరోధము లేదు. ఒకటి యోనిసంబంధమును జెప్పుచున్నది. ఒకటి విద్యాసంబంధమును జెప్పుచున్నది. ఒక్క పురుషునియం దీ రెండును వర్తింపవచ్చును. గోత్రవాక్యమును జెప్పిన నోటితోనే యీ కవి తలిదండ్రుల పేళ్లను జెప్పెను; వారిని దాఁచవలసిన యగత్య మాతనికిఁ దోఁపలేదు. అయినను దాను కన్నవారికి మాత్రమే కొడుకునని చెప్పి యూరకుండలేదు. జన్మచేత లభించిన దానిని నిరాకరింపక, దీక్షచేత లభించిన దానిని దనకు ముఖ్యమని స్వీకరించెను. మనము కులమును గోరి ప్రశ్నించితిమి. ఆతఁడు గురువును జూపి యుత్తరమిచ్చెను. ప్రశ్నకును నుత్తరమునకును విషయము వేఱగుటచేతనే యా వాదము తెగలేదు.

ఆతని కావ్యమందలి పాత్రలును నీ భావమునే స్థిరపఱుచుచున్నవి. బసవపురాణమున బెజ్జమహాదేవి కథ యొకటి గలదు. శివునకుఁ దల్లి లేదని యామె దుఃఖించెను. తల్లియే యున్నచో బిడ్డ తపసియై తిరుగునా, విషము మ్రింగునా, పాములను దొడవులుగాఁ దాల్చునా యని యామె విచారము. అట్లు తలఁచి తానే తల్లియై శివలింగమునకుఁ బసిబిడ్డకువలె స్నానపానాదు లొనర్పఁ దొడఁగెను. లోకమున బిడ్డ పుట్టినపిదప స్త్రీ తల్లి యగును. ఇచటఁ దల్లియగుటకుఁ బ్రసవము హేతువు గాదు, బిడ్డ లేమినిఁ జూచి కలిగిన జాలి హేతువు. సంబంధము మనకు లభించునది మాత్రమే గాదు, మనము పూని నిలుపుకొనునదియు నగునని సోమనాథుని యభిప్రాయము. తన గోత్రమును దా నేర్పఱచుకొన్న కవియే యిట్టి తల్లిని జిత్రింపఁగలఁడు.

కోరికయం దీతని పట్టుదలయు నిట్టిదే. ఈతఁడు వేదశాస్త్రపరిచయము గలవాఁడు. సంస్కృతమున సోమనాథభాష్యమును రచించినవాఁడు. అట్టివాఁడు ప్రౌఢగద్యపద్యములను విడిచి, జానుతెనుఁగున, ద్విపదలో, సర్వసామాన్యులకుఁ దెలియునట్లు చెప్పెద నని ప్రతిజ్ఞ చేసెను. రాక చేయనివానికిని, వచ్చియుఁ గోరి మానినవానికిని భేదము గలదు. దేశిని బట్టుట సోమనాథుని కశక్తి గాదు, ఇచ్ఛ. కోరినవాఁడును జేసినవాఁడును నాతఁడే. కావుననే యా కృతులు నేఁటికిని నిలిచియున్నవి.

పాలకుర్తి గుట్టమీఁద సోమేశ్వరుఁడును లక్ష్మీనరసింహుఁడును నొక్కచోటనే పూజ లందుచున్నారు. ఆ గుట్టకుఁ జేరువనున్న బమ్మెరపేరు నింటిపేరుగాఁ గల పోతన, మహేశ్వరధ్యానము చేయుచు రామునిఁ గనుట మన మచ్చెరువొందవలసిన విషయము గాదు. ఆతని నివాసము ఓరుగల్లా, కడపమండలములోని యొంటిమిట్టయా యను వాదము చిరకాలమునుండి యున్నది. రాష్ట్రవిభజనానంతరము 2015 మొదలుకొని యాంధ్రప్రదేశ ప్రభుత్వమువా రొంటిమిట్టలో శ్రీరామనవమి యుత్సవములను జరుపుచున్నారు. బమ్మెరయను నింటిపేరును బట్టి నాకు నోరుగల్లు పక్షమే బలవత్తరముగాఁ దోఁచుచున్నది. అయిన నా వాద మిట ముఖ్యము గాదు. రెండు సీమలవారును మావాఁ డనిపించుకొన్న కవి తన్నుఁ దా నేమని చెప్పుకొనె నన్నదే ముఖ్యము.

అవతారికలో నీతఁడు చెప్పిన వృత్తాంతము విదితమే. చంద్రగ్రహణసమయమున గంగకుఁ బోయి స్నానముచేసి, యిసుకతిన్నెమీఁద మహేశ్వరుని ధ్యానించుచుండఁగా రామభద్రుఁడు సాక్షాత్కరించి, భాగవతమును దన పేరఁ దెనిఁగింపు మనెను. తెలంగాణమున జనులు గోదావరిని గంగ యనియే పిలుతురు. కాళేశ్వరప్రాంతమున నిప్పటికిని “గంగస్నాన” మన్నచో గోదావరీస్నానమే. కావునఁ బోతన చెప్పిన గంగ గోదావరియే కావచ్చునని తలంచుట యసంగతము గాదు. నది యేదైనను శైవధ్యానమున వైష్ణవసాక్షాత్కారము కలిగినదన్న యంశమున భేదము లేదు. ఆ రెంటిలో నొకదానిని బోతన దాఁచలేదు.

ఈ యవతారికలో మూఁడు మాటలు నాకు మిక్కిలి ముఖ్యములుగాఁ దోఁచుచున్నవి. భాగవతమును దెలిసి పలుకుట శూలికైన నజునకైన దుష్కరమనియు, విబుధులవలనఁ దాను విన్నంత, కన్నంత, తెలియవచ్చినంత మాత్రమే చెప్పెద ననియు నాతఁ డొకచోఁ జెప్పెను. ఇది తన్నుఁ దా నంగీకరించుట. ఇందు దైన్యము లేదు. తన కొలఁదిని దెలిపి, యా కొలఁదిలోపలఁ జేయఁ బూనినాఁడు. పూర్వకవులు పురాణములను బెక్కింటిని దెనిఁగించియు భాగవతమును దెనిఁగింపకుండుట తన పుణ్యమే యనియు, దీనిని రచించి జన్మమును సఫలము చేసికొందు ననియు వేఱొకచోఁ జెప్పెను. ఇది కోరిక. నన్నయతిక్కనాదు లున్నారుగదా, నాకేమి మిగిలె నని యాతఁడు కుందలేదు. వారు విడిచినదానినే తన పాలి భాగ్యముగా గ్రహించెను. రాజాధములకుఁ గృతి నియ్యక శ్రీహరి కిచ్చెద ననుట మూఁడవది. ఇది సంబంధము. ఎవరివాఁడు గాఁడో, ఎవరివాఁడో యాతఁడు స్పష్టముగాఁ జెప్పినాఁడు.

స్కంధాంతగద్యయు నిట్లే యున్నది. పరమేశ్వరుని కరుణచేఁ గవిత్వము గలవాఁడు, కేసనమంత్రికిఁ బుత్రుఁడు, సహజపాండిత్యుఁడు అని మూఁడు విశేషణములు. విష్ణుకథయగు భాగవతమునఁ బ్రథమవిశేషణము శివపరమైనది. రెండవది తండ్రిని జెప్పుచున్నది. మూఁడవది తన్నుఁ జెప్పుచున్నది. సహజపాండిత్య మనుటచే గురుశుశ్రూష లేనివాఁడని కొందఱు, ఆత్మస్తుతి యని కొందఱు వ్యాఖ్యానించిరి. రెండును సరిగావు. సహజమనఁగా తోడఁ బుట్టినది. ఒకని తోడఁ బుట్టినదాని నాతఁ డున్నదనుట గర్వము గాదు, లేదనుటయే యసత్యము. పైఁగా నీ విశేషణము దేవుని కరుణకును దండ్రిపేరునకును పిమ్మట వచ్చినది. ఆ క్రమమును బట్టియే దాని యర్థమును దెలిసికొనవలెను.

ఇప్పుడు బాలుని ప్రశ్నకు వత్తము. పలికించువాఁడు రామభద్రుఁ డన్నయెడఁ బోతన కర్తృత్వము పోవునా? పోదు. ప్రేరకుఁ డుండుటచేతనే ప్రేరితుని స్వాతంత్ర్యము నశించినచో, వానికిఁ బ్రయోజ్యకర్త యను పేరే పొసఁగదు. దేవదత్తుఁడు యజ్ఞదత్తునిచేత వండించునపుడు వండువాఁడు యజ్ఞదత్తుఁడే. కట్టెను బ్రేరేపించి వంట చేయించుట యెవ్వరికిని శక్యము గాదు, చేయఁగలవానినే చేయింపవలెను. కావున “పలికించు” ననుటయే పోతన పలుకఁగలవాఁ డనుటకు జ్ఞాపకము.

ఇచట నొక యాక్షేపము. గమనార్థక, జ్ఞానార్థక, భోజనార్థకములయందును, శబ్దము కర్మగాఁ గల ధాతువులయందును బ్రయోజ్యుఁడు కర్మ యగునని గదా శాస్త్రము? పలుకుట శబ్దకర్మకము. కావున రాముఁడు పలికించునపుడు పోతన కర్మయే యగును, కర్త కాఁడు అని యందురేని, వినుఁడు. పద్యమున నా ప్రేరణవాక్యముతో నర్థము ముగియలేదు. ఆ వెంటనే తాను పలికెద నని యుత్తమపురుషక్రియ యున్నది. మొదటి వాక్యమునఁ గర్మయైనవాఁడే రెండవ వాక్యమునఁ గర్త. ఇది దోషము గాదు, లోకస్థితి. తల్లి మాటలు నేర్పునపుడు బిడ్డ కర్మ. ఆ మాటలనే బిడ్డ పలుకునపుడు కర్త. గురువు బోధించునపుడు శిష్యుఁడు కర్మ; తాను వ్యాఖ్యానించునపుడు కర్త. మొదటి యవస్థను మఱచినవాఁడు కృతఘ్నుఁడు. రెండవ యవస్థకు రాలేనివాఁడు జడుఁడు. పోతన రెంటిని నొక్క పద్యమున నిలిపెను. కావున, నాయనా, పోతన చేసినది తక్కువ గాదు. తన్నుఁ బలికించినవానిని జెప్పి, పిదపఁ దాను పలికినాఁడు.

ఈ విషయము తెలియమిచేతనే పోతననుగూర్చి మన మొక తప్పు చేయుచున్నాము. పాఠశాలలయందు మన మాయన కృతికంటె నాయనను గూర్చిన చాటుకథలనే యెక్కువగాఁ జెప్పుచున్నాము. శ్రీనాథుఁ డాయనకు బావమఱఁది యనియు, సరస్వతి కన్నీరు పెట్టుకొన్న దనియుఁ జెప్పి, రాజులను ద్వేషించుటయే యాయన స్వరూపమని బాలుర మనస్సున నాటుచున్నాము. ఇందు సులభముగా నొక విగ్రహ మేర్పడును. ఆ విగ్రహమున కడ్డువచ్చునవి తరువాతఁ దొలఁగింపఁబడును. సర్వజ్ఞసింగభూపాలుని నాయకునిగాఁ గల భోగినీదండకమునఁ బోతరాజు పేరున్నను, నింతటి భక్తుఁ డట్టిది వ్రాయునా యని కొందఱు దానిని గాదనిరి. వీరభద్రవిజయము శైవకావ్యమని దానిని వేఱొకనికిఁ గట్టఁ జూచిరి.

కర్తృత్వమును నిర్ణయింపవలసినచో భాషచేత, ఛందస్సుచేత, ప్రతులచేత నిర్ణయింపవలెను. ఆ యాధారములు ప్రతికూలములైనచో నేను నంగీకరింతును. “ఇట్టివాఁ డట్టిది వ్రాయఁడు” అనునది మాత్రము హేత్వాభాసము. రేపు భాగవతము వ్రాయువాఁడు నిన్న దండకము వ్రాసియుండరాదని యే శాస్త్రమున నున్నది? సన్నంతమున కోరికకును గ్రియకును నడుమఁ గాల ముండును. ఆ కాలమున మనుష్యుఁడు మాఱును. కృతి నిఁక రాజుల కియ్య నను ప్రతిజ్ఞకు, రాజాశ్రయమును జూచినవాని నోట నెక్కువ బలముండునే గాని తక్కువ యుండదు. పోతన యౌవనమును దాఁచి పోతనను రక్షింపఁ బూనుట మన భయమే కాని యాయన కోరిన రక్షణము గాదు. శివుని గద్యాదియం దుంచుకొన్నవానికిఁ దన పూర్వావస్థనుగూర్చి సిగ్గుండె నని నేను నమ్మను.

ఆయన స్థాపించిన సంబంధ మాయనతో నాఁగలేదు. భాగవతమున నైదవ స్కంధము గంగనయు, నాఱవది సింగనయు, నేకాదశద్వాదశస్కంధములు వెలిగందల నారయయుఁ బూరించిరి. నారయ తన గద్యలోఁ దాను బోతనకుఁ బ్రియశిష్యుఁడ నని చెప్పుకొనెను. సోమనాథుఁడు గురువునకుఁ గొడుకైనట్లే, యీతఁ డొక గ్రంథమునకు వారసుఁ డయ్యెను. ఒకని “నేను” వేఱొకని విశేషణమగుటకు నింతకంటె స్పష్టమైన నిదర్శనము లేదు.

ఆధునికులలో దాశరథి కృష్ణమాచార్యులను జెప్పి ముగించెదను. ఈయన 1925 జులై 22వ తేదీని జినగూడూరునఁ బుట్టెను. శ్రీవైష్ణవకుటుంబము; ఇంట సంస్కృతము, బడిలో నుర్దూ. నిజాము ప్రభుత్వము నెదిర్చి చెఱసాలకుఁ బోయి, నిజామాబాదు చెఱసాల గోడలమీఁద బొగ్గుతోఁ బద్యములు వ్రాసెను. 1949లో “అగ్నిధార” ప్రకటిత మయ్యెను. “తిమిరంతో సమరం” అను కృతికి 1974లో కేంద్రసాహిత్య అకాడమీ బహుమానము లభించెను. 1987 నవంబరు 5వ తేదీని గీర్తిశేషు లైరి.

ఈయన కవిత్వమునఁ దెలంగాణమునకు ముందు “నా” యను షష్ఠ్యంతము నిలిచినది. షష్ఠి సంబంధమును జెప్పును. సంబంధము రెంటియందును నుండు నని శాస్త్రము. దేశము నాది యనువాఁడు నేను దేశమువాఁడ ననియుఁ జెప్పినట్లే. సోమనాథునకు గురువు, పోతనకు రాముఁడు, ఈయనకు సీమ. విశేష్యము మాఱినను వాక్యపద్ధతి మాఱలేదు. మఱియొక విశేషము. ఏ ప్రభుత్వము నెదిర్చెనో దాని రాజభాష యగు నుర్దూ నీయన విడిచిపుచ్చలేదు. గాలిబు కవిత్వమును “గాలిబు గీతాలు” అను పేరఁ దెనిఁగించెను. దొరతనముతోడి వైరము భాషతోడి వైరము గాఁగూడదని యీయన తెలిసికొనెను. బడిలోఁ గలిగిన విద్యాసంబంధమును రాజకీయము త్రెంపలేకపోయినది. శివుని విడువక రామునిఁ గన్న పోతనయొద్ద నేర్చినట్లే యీ పని యున్నది.

కావున నా సిద్ధాంత మిది. తన్నుఁ దా నంగీకరించుట యనఁగా సంబంధములన్నిటిని ద్రెంచుకొని యేకాకియై నిలుచుట గాదు. తన క్రియలకు హేతువైనవారిని దాఁచక చెప్పి, క్రియాభారమును మాత్రము తన తల నిడుకొనుట. కోరిక యనఁగా నొరులు చేయవలసినదానిని దలఁచుట గాదు. తాను చేయవలసినదానిని దలఁచుట. ఈ సీమ కవులు మువ్వురును నట్లే చేసిరి.

పాఠశాలా పండితులకొక విన్నపము. పోతనను బాఠము చెప్పునపుడు చాటుకథలకు ముందు అవతారికను జెప్పుఁడు. అందును జివరి క్రియాపదమువద్ద నొకింత యాఁగుఁడు. బాలుఁ డెవఁడైన లేచి ప్రశ్నించినచో, నేను జేసినట్లు వానిని గూర్చుండఁబెట్టకుఁడు. ఈ విషయమున నా తలంపున దోషమున్న యెడఁ బ్రాజ్ఞులు సవరింతురు గాక.